కుట్టు తెలిసినదాన్ని

రొసారియోలో, పరానా నదికి మూడు వీధుల ఇవతల
నలభై ఏళ్లుగా నాదొక కుట్టు దుకాణం.
పేటలో పంట్లాలన్నీ నా దగ్గరే పొట్టివయ్యాయి,
నడుములన్నీ నా దగ్గరే వదులయ్యాయి.
బిగువు ఎక్కడ పట్టాలో ఎక్కడ విడవాలో
నా బొటనవేలికి తెలుసు.

అంత తెలిసీ
నా మొహాన్ని ఇంకొకరి సూదికి అప్పగించాను.

ఎవరూ బలవంతపెట్టలేదు.
ఒకరోజు అద్దంలో దవడ కింద మా అమ్మ వేలాడుతూ కనపడింది.
అమ్మంటే ప్రేమే.
మొయ్యాలనిపించలేదు, అంతే.

డాక్టర్ బెర్తొలొత్తి నా చెంప మీద ఊదా పెన్నుతో గీశాడు,
నేను బట్ట మీద సుద్దతో గీసినట్టే.
ఆ గీత చూసి నమ్మాను.
మంచి గీత.
గీత దగ్గర ఎవరి పనైనా బాగానే ఉంటుంది.

తొమ్మిదో రోజు కట్లు విప్పారు.
ఎడమ చెవి తమ్మె కిందికి సాగి చెంపలో కలిసిపోయింది,
చంక దగ్గర పట్టేసిన చొక్కాలా.
లోలాకు పెడితే నేలవైపు కాదు, భుజంవైపు చూస్తుంది.
పెదవి ఎడమ కొస నా మాట వినడం మానేసింది.
నవ్వితే
సగం షట్టరు లేపిన కొట్టులా ఉంటాను.

మేం మాతే తాగుతాం. ఒకే సొరబుర్ర, ఒకే వెండి గొట్టం,
చేతులు మారుతూ తిరుగుతుంది.
ఇప్పుడు నేను పీలిస్తే ఆ పచ్చని చేదు
సగం నాలుకకి, సగం గడ్డానికి.
ఆదివారం ఓఫెలియా బుర్ర అందిస్తూ
దానితోపాటే ఒక చేతిరుమాలూ అందించింది.
ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం ఇంకా మండుతోంది.

ఫోన్ చేస్తే ముందు పియానో.
తర్వాత పుదీనా బిళ్ల చప్పరిస్తున్న ఒక ఆడపిల్ల గొంతు:
"మామూలేనండీ, వాపు."
రెండో నెల: "మామూలేనండీ, నరం నిద్రపోయింది. లేస్తుంది."
నాలుగో నెల: "డాక్టరుగారు సదస్సులో ఉన్నారు, ఫోటో పంపండి."
పంపాను.
రెండు నీలం టిక్కులు.
ఆరో నెల: "మీరు సంతకం పెట్టిన కాగితంలో పదకొండో పేరా చూడండి."
చూశాను. నా మొహం అనే మాట అందులో ఎక్కడా లేదు.
"ప్రాంతం" అని ఉంది.

మొన్న గురువారం, వాన.
ఒక పిల్ల తెల్లకోటు పట్టుకొచ్చింది, జేబు మీద ఆ క్లినిక్ పేరు.
"చంకల్లో పట్టేస్తోందండీ, చెయ్యి ఎత్తలేను.
అడిగితే సర్దుకుంటుందిలే అన్నారు."
పుదీనా గొంతు.
నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, ఎప్పుడైనా చూస్తే కదా.

మామూలేనమ్మా, అనబోయాను.
నాలుక చివరిదాకా వచ్చింది.
నోట్లో గుండుసూదులున్నాయి, అన్నీ కుడివైపే,
ఎడమవైపు నిలవవు ఇప్పుడు.

కుట్టు విప్పాను.
లోపల అంగుళంన్నర మడత వదిలి ఉంచారు ఎవరో బుద్ధిమంతులు.
బట్టకుండే అదృష్టం అది.
నా దగ్గర మిగిలిందేదో కత్తిరించి
బకెట్లో వేసేశారు.
వాయిదాలు మాత్రం ఇంకా ఏడున్నాయి.

తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది.
"హమ్మయ్య! ఎంతండీ?"
చెప్పాను.
"సరిపోకపోతే మళ్లీ రా. ఎన్నిసార్లయినా సరే. డబ్బక్కర్లేదు."

అప్పుడు చూసింది నా వైపు. చెవిని. పెదవిని.
"మిమ్మల్నెక్కడో..."
"ఫోన్లో," అన్నాను.

ఆ ఒక్క మాటకి నోరు తెరిచేసరికి
సూది ఒకటి జారి ఎక్కడో పడింది.
కోటు విప్పకుండానే ఆ పిల్ల
మోకాళ్ల మీద కూర్చుని
నా కుర్చీ కింద
చాలాసేపు వెతికింది.